శ్వేత పట్టాభిషేకం

మన పూర్వకవులు కావ్యం ఎత్తుకుంటే ఊరికే కథలోకి దిగేవారు కారు. ఇష్టదేవతకు మొక్కి, పెద్దకవులకు దండం పెట్టి, కుకవులను నాలుగు తిట్టి, కృతిభర్తను ఏడు తరాల వెనక నుంచి పొగుడుకుంటూ వచ్చి, అప్పుడు గానీ 'అంత' అనేవారు కారు. నా కావ్యానికి కృతిభర్త లేడు. నెల ఫీజు నేనే కట్టాను. ఇష్టదేవతకు కొదవ లేదు, బెజవాడ వాళ్లకి అమ్మవారు కొండ మీదే ఉంది. కుకవినింద పని మా అమ్మాయి తీసుకుంది. "నువ్వు కరాటేనా? నీ వయసుకి యోగా ఉంది కదమ్మా" అంది.

ఇక పూర్వగురుస్తుతి. 1868లో ఒకినావా దీవిలో, షురి పట్నంలో ఫునాకోషి గిచిన్ అనే పిల్లవాడు నెలలు నిండకుండా పుట్టాడు. బతికి బట్టకట్టడని ఇంట్లోవాళ్లే అనుకున్నారట. ఆ నలుసు పెరిగి బడిపంతులయి, 1922లో టోక్యోలో విద్యాశాఖ పెట్టిన ప్రదర్శనలో కరాటే చూపించడానికి వెళ్లి, మళ్లీ దీవికి తిరిగి రాకుండా అక్కడే ఉండిపోయాడు. అప్పటికే ఏభై దాటాయి. ఒకినావా విద్యార్థుల వసతిగృహంలో కాపలా ఉండి, గదులు ఊడ్చి, తోట పని చేసి, మిగిలిన పొద్దులో విద్య నేర్పాడు. నలభై నాలుగో ఏట తెల్లబెల్టు కట్టుకోబోయే ఇల్లాలికి, చీపురు పట్టిన ఈ మహానుభావుడి కంటే స్తుతిపాత్రుడు ఎవరు? ఆయన కవి కూడా. కలంపేరు షోటో. పైన్ చెట్ల మీదుగా గాలి అలలు అలలుగా పోతే పుట్టే హోరు అని దానర్థం. సరుగుడు తోటలో సాయంత్రం గాలి విన్న కోస్తావాళ్లకి దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. ఆ కలంపేరే మేం నేర్చే షోటోకాన్ పద్ధతికి పేరయింది.

కరాటే అంటే వట్టి చేయి. ఈ విద్య మా ఊరికి కొత్త అని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. ఇంద్రకీలాద్రి మీద అర్జునుడు కిరాతుడితో తలపడ్డప్పుడు జరిగిందేమిటి? అమ్ములపొది ఖాళీ అయింది. గాండీవాన్ని శివుడు మింగేశాడు. కత్తి విరిగింది. చెట్లు పీకి విసిరాడు, బండలు విసిరాడు, అవీ అయిపోయాయి. చివరికి మిగిలినవి రెండు పిడికిళ్లు. వాటితోనే కలియబడ్డాడు, అటుతర్వాతే పాశుపతం దొరికింది. ఆ కొండకి నాలుగు వీధులవతల మా క్లాసు.

పురవర్ణన కావాలి కనుక చేస్తాను. వన్‌టౌన్‌లో ఒక బడి, దాని వెనక సిమెంటు గచ్చు చేసిన రేకుల షెడ్డు. పగలు అందులో పిల్లలు అన్నాలు తింటారు. సాయంత్రం ఆరింటికి అది డోజో, అంటే కరాటే సాధనశాల, అవుతుంది. సాంబారు వాసన మాత్రం ఏడింటిదాకా వెళ్లదు. గోడకి ఒక మేకు, మేకుకి ఫునాకోషి గారి ఫోటో. క్లాసవగానే మాస్టారు ఆ ఫోటోను తువ్వాలులో చుట్టి సంచీలో పెట్టుకుని స్కూటరు మీద ఇంటికి తీసుకుపోతారు. ఉత్సవమూర్తి అన్నమాట. చంద్రోదయ వర్ణన బదులు ట్యూబ్‌లైటోదయం. అది మూడుసార్లు కళ్లార్పి, నాలుగోసారి మనసు మార్చుకుని, అయిదోసారి వెలుగుతుంది. ప్రబంధానికి పద్దెనిమిది వర్ణనలుండాలి అంటారు. అందులో మధుపానం, జూదం నా వల్ల కాదు. జలక్రీడ ఉంది, బడి కుళాయి దగ్గర.

రెండేళ్లుగా మా అమ్మాయిని దింపి, మెట్ల మీద కూర్చుని, వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ ఈ లోకాన్ని గట్టు మీది నుంచి చూస్తూ వచ్చినదాన్ని. ఒకరోజు మాస్టారు వచ్చి, తొక్కల కుప్ప వైపు చూసి, "మేడమ్, ఊరికే కూర్చునే బదులు ఒక డ్రెస్ తీసుకోండి" అన్నారు. నాయికాభ్యుదయం అంతే, రెండు వాక్యాలు కూడా పట్టలేదు.

ఆ డ్రెస్! ఏమని వర్ణింతును! వట్టి నూలుబట్ట యనరాదు. కర్ణుని కవచంబునకుం జెల్లెలు, అట్టపెట్టెకుం దోబుట్టువు. విప్పినఁ గడకడ, మడిచిన ఫెళఫెళ. తొడిగినం దొడిగినవారు లోపల నొక దిక్కునకుం దిరిగిన, నది వేఱొక దిక్కునకుం దిరుగుచుండును. మూడు ఉతుకుల దాకా అది నన్ను తొడుక్కుంది గానీ నేను దాన్ని తొడుక్కోలేదు. ప్యాంటు బొందు సంగతి వేరే కావ్యం. చెయ్యెత్తి గాల్లో గుద్దితే, కొత్త గుడ్డ కనుక, చొక్కా చేయి 'ఫట్' మంది. నా బలం అనుకుని పక్కవాళ్ల వైపు చూశాను. పక్కవాడికి ఆరేళ్లు, పై పళ్లు రెండూ లేవు. వాడి చొక్కా కూడా ఫట్‌మంది.

పట్టం కట్టడం అనే మాట మనకు ఎక్కడిదో ఎప్పుడైనా ఆలోచించారా? పట్టం అంటే పట్టీయే. రాజు నుదుటికి పట్టీ కడితే అది పట్టాభిషేకం. నాకు నడుముకి కట్టారు. వెడల్పు నాలుగు వేళ్లకు తక్కువ, పొడవు దాదాపు మూడు మీటర్లు, రంగు హంస. దీన్ని పొట్ట మీద మధ్యకి పెట్టి, రెండు కొసలూ వెనక్కి తిప్పి, ముందుకు తెచ్చి, ఒకదాన్ని రెండు మడతల కిందుగా దూర్చి, పైకి లాగి, ముడి వెయ్యాలి. చెబితే ఇంతే. చేస్తే, నా ముడిలో ఒక కొస మోకాలి దాకా దిగింది, ఇంకోటి బొడ్డు దగ్గరే ఆగిపోయింది. అన్నకి మాగాణీ, తమ్ముడికి గట్టు పంచినట్టు. మళ్లీ కట్టాను. ఈసారి ముడి ఎంత గట్టిగా పడిందంటే, ముడి మాత్రమే పడింది, బెల్టు కింద పడింది.

అప్పుడు వచ్చిందండీ ఆమె. వయసు ఎనిమిది. నడుముకి నారింజ బెల్టు. రెండు జడలు, ఒకదానికి రిబ్బను జారింది. నా ముందు మోకాళ్ల మీద కూర్చుని, ముక్కు ఎగపీలుస్తూ, నా నడుము చుట్టూ చేతులు చాలక బుగ్గ నా పొట్టకి ఆనించి బెల్టు తిప్పి, నాలిక కొస పంటి కింద పెట్టుకుని ముడి వేసింది. వేసి, రెండు కొసలూ పక్కపక్కన పెట్టి కొలిచింది. "రెండూ సమానంగా ఉండాలి ఆంటీ. ఒకటి మనసంట, ఒకటి ఒళ్లంట" అంది. నేను థాంక్స్ చెప్పబోయాను. "ఊస్ అనాలి" అంది. నా కంటే రెండు బెల్టులు పెద్దది, నేనే వంగాలి. వంగాను. వసిష్ఠుడు శ్రీరాముడికి కట్టిన పట్టం కూడా ఇంత సమానంగా వచ్చి ఉండదు.

బెల్టుల వరసలో నిలబడటమంటే సభలో ఆసనాలు వేసినట్టే. కుడి కొసన గోధుమరంగు వాళ్లు, తర్వాత నీలం, ఆకుపచ్చ, నారింజ, పసుపు, ఎడమ కొసన తెలుపు. తెలుపులోనూ చివర నేను. నా తర్వాత గోడ. మా అమ్మాయి ఆకుపచ్చ దగ్గర నిలబడి, నన్నెరగనట్టే ఎదురుగా ఉన్న ఫోటోను చూస్తోంది.

'సేజా' అన్నారు. అందరూ వజ్రాసనంలో మోకాళ్లు మడిచి కూర్చున్నారు. నా మోకాళ్లు దీనికి రెండు వాయిదాలు తీసుకున్నాయి. 'మొకుసో' అన్నారు. కళ్లు మూసుకుని, మనసు ఖాళీ చేసుకుని, ఊపిరి చూసుకుంటూ కూర్చోవాలి, కదలకూడదు.

అంత నా యీశాన్య దిక్కునుండి యొక్క దోమ, కృష్ణా తూర్పుకాలువ నలంకరించు వంశంబున జనించినది, సన్ననగు వీణానాదంబుతో విజయముసేసెను. వచ్చి నా కుడిచెవికిం బ్రదక్షిణంబు గావించెను. ఎడమచెవిలో దన బిరుదావళిం జదివెను. కనుబొమ్మలపై విడిది సరిగా లేదని, ముక్కుశిఖరంబున డేరా వేసికొనెను. అది కాలు మోపిన చోటు నాకు తెలుస్తోంది. ఆరు కాళ్లూ విడివిడిగా తెలుస్తున్నాయి. వాటిలో వెనకవి రెండు అది గాల్లోకి ఎత్తి ఉంచిందని కూడా తెలుస్తోంది. మనసు ఖాళీ చేయమన్నారు కదా, చేశాను, ఇప్పుడు అందులో దోమ తప్ప మరేమీ లేదు. హిమాలయాల్లో మునులు ఇలాగే తపస్సు చేసి ఉంటారు, కాకపోతే వాళ్లని చెడగొట్టడానికి ఇంద్రుడు రంభను పంపాడు. బెజవాడలో మనిషికొకటి చొప్పున ఇవే. అది కుట్టింది. నెమ్మదిగా, తొందర లేకుండా, విందులో మూడోసారి వడ్డించుకున్న వియ్యపురాలిలా తాగింది. నేను కదల్లేదు. ఎవరూ చూడలేదు కూడా, అందరి కళ్లూ మూసి ఉన్నాయి. ఈ క్లాసులో నేను చేసిన ఒకే ఒక వీరకృత్యానికి సాక్షులు లేరు.

తర్వాత లెక్క. ఇచి, ని, సాన్, షి, గో, రోకు, షిచి, హచి, కు, జు. జపానులో ఒకటి నుంచి పది. ఒక్కో అంకెకి ఒక్కో గుద్దు. అయిదోది ఆవు, ఎనిమిదోది తుమ్ము, తొమ్మిదోది షష్ఠీ విభక్తి, ఇలా గుర్తుపెట్టుకున్నాను. చిక్కల్లా ఎనిమిదితోనే వచ్చింది. పిల్లలందరూ ఒక్కసారిగా 'హచి' అని అరిస్తే, నలభై నాలుగేళ్లుగా తుమ్ము వినగానే ఒక్క క్షణం ఆగి బయల్దేరడం అలవాటైన ఒళ్లు, దానంతట అది ఆగుతుంది. అందరి తొమ్మిదో గుద్దు పడ్డాక నా ఎనిమిదోది బయల్దేరేది. మంచినీళ్లు తాగి కూర్చుని వెళ్లమనే వాళ్లు అక్కడ ఎవరూ లేరు.

గుద్దడంలో మాత్రం నాకు ఒక పూర్వజన్మ వాసన బయటపడింది. ఒక చేయి ముందుకు పోతుంటే రెండోది అంతే జోరుగా తుంటి దగ్గరికి రావాలి. అందరూ ముందుకు పోయే చేతినే చూసుకుంటారు, వెనక్కి వచ్చేదాన్ని మరిచిపోతారు. మాస్టారు పిల్లలకి ఇది చెప్పి చెప్పి అలిసిపోయి ఉన్నారు. అమ్మమ్మగారి ఊళ్లో నూతి దగ్గర చేద లాగినదాన్ని నేను. తాడు మీద ఒక చేయి పోతుంటే ఇంకోటి వస్తుంది. "అదీ!" అన్నారు మాస్టారు, నా వైపు చూపించి. మా అమ్మాయి మొదటిసారి ఇటు తిరిగింది.

ఆ గర్వం కిబాదాచి దాకానే. అంటే గుర్రపు స్థితి. కాళ్లు బారగా పెట్టి, పాదాలు ముందుకు చూస్తుండగా, మోకాళ్లు బయటికి నొక్కి, నడుము నిటారుగా, లేని గుర్రం మీద కూర్చోవాలి. గుర్రం ఉంటే నాకేం అభ్యంతరం లేదు. మొదటి పది సెకన్లు రాణీ రుద్రమలా ఉన్నాను. ముప్పయ్యో సెకనుకి తొడల్లో ఎవరో పచ్చిమిరపకాయ బజ్జీలు వేయిస్తున్నారు. నిమిషానికి మోకాళ్లు తమలో తాము ఏదో మాట్లాడుకోవడం మొదలుపెట్టాయి. అంతట నా పాపిట నొక స్వేదబిందువు జనించి, కుంకుమతోఁ గూడి శోణానది యనఁ బరఁగి, నుదుట వ్రాసిన వ్రాఁత నడుగడుగునం జదువుకొనుచు, దోమ విడిచిన డేరా స్థలంబును బ్రదక్షిణించి, పెదవి కొసన నొక క్షణంబాగి, గడ్డంబునుండి గచ్చుపైఁ బడెను. పడ్డ చప్పుడు వినిపించింది. అంత నిశ్శబ్దంగా ఉంది షెడ్డు. మాస్టారు ఈలోగా ఒక పసుపుబెల్టు పిల్లవాడి చిటికెన కాలివేలు దగ్గర గొంతుకు కూర్చుని, అది గచ్చుకి ఆనలేదని, ఆనితే తుంటి ఎలా కుదురుతుందో, తుంటి కుదిరితే పిడికిలికి ఏం బలమొస్తుందో ఆ వేలికి పూర్తిగా వివరిస్తున్నారు. వేలు వింటోంది. మేమంతా గుర్రాల మీదే ఉన్నాం.

ఈ స్థితిని గురించి ఫునాకోషి గారు తన ఆత్మకథలో ఒక ముచ్చట చెప్పారు. ఒకినావాలో పెద్ద తుపాను. ఒక యువకుడు ఒంటి మీద గోచీ తప్ప ఏమీ లేకుండా ఇంటి కప్పెక్కి, నేల మీద పరుచుకునే తటామీ చాప ఒకటి రెండు చేతుల్తో గాలికి అడ్డంగా పట్టుకుని, ఇదే గుర్రపు స్థితిలో నిలబడ్డాడు. గాలి తోస్తుంది, అతను పడతాడు, ఒళ్లంతా బురద, మళ్లీ ఎక్కుతాడు, మళ్లీ చాప పట్టుకుంటాడు. ఆ యువకుడు ఆయనే. దివిసీమ తుపాను కబుర్లు విని పెరిగిన మా జిల్లా వాళ్లం తుపాను వస్తే కిటికీలు వేసుకుంటాం. నేను ఆ చాపను తలచుకుని ఇంకో ఏడు సెకన్లు నిలబడ్డాను. ఎనిమిదోది తుమ్ము.

కియాయ్ సంగతికి వస్తే, అది వీరుడి శంఖం. దెబ్బ ముగిసే చోట పొట్టలోంచి వచ్చే అరుపు. పాంచజన్యం, దేవదత్తం, పౌండ్రం అని భారతంలో ఒక్కొక్కరిది ఒక్కో శంఖం. పళ్లూడిన ఆరేళ్లవాడి శంఖం 'థాయ్' అంది. నాది 'కుయ్' మంది. షెడ్డు బయట కుక్క లేచి తోటిదెవరో అని లోపలికి చూసింది. "గొంతులోంచి కాదు మేడమ్, పొట్టలోంచి" అన్నారు మాస్టారు. నలభై నాలుగేళ్లు గొంతు తగ్గించమనే చెప్పించుకున్నదాన్ని, పెంచమంటే ఎక్కణ్నుంచి తేను? కళ్లు మూసుకుని, మా మూడో అంతస్తు బాల్కనీని, వీధి మలుపు తిరిగిపోతున్న గ్యాస్ బండిని తలచుకున్నాను. వచ్చింది చూడండీ! రేకులు అదిరాయి. ట్యూబ్‌లైటు ఒకసారి ఆరి వెలిగింది. కుక్క వన్‌టౌన్ వదిలి పోయింది. మాస్టారు రెండు క్షణాలు ఏమీ అనలేదు. తర్వాత ముందు వరుస వైపు తిరిగి "విన్నారా?" అన్నారు.

ఇక యుద్ధవర్ణన. కటా అంటే కనపడని శత్రువులతో చేసే యుద్ధం, ముందుగా కుదిరిన అడుగులతో. మాకు మొదటిది హెయాన్ షోదాన్. ఫునాకోషి గారి గురువు ఇతోసు అన్‌కో, ఒకినావా బడిపిల్లల కోసం కూర్చిన అయిదింటిలో ఒకటి. అప్పటి పేరు పినాన్. హెయాన్ అని తర్వాత మార్చింది శిష్యుడు. ఇరవై ఒక్క కదలికలు. అయిదు కటాల్లోనూ మొదటి కదలిక అడ్డుకోవడమే, కొట్టడం కాదు. పరిచి చూస్తే దాని దారి నిలువు గీతకి పైనా కిందా అడ్డగీతలు కొట్టినట్టుంటుంది. ఆ దారంతా నడిచి, నాలుగు దిక్కుల శత్రువులనూ పడగొట్టి, కచ్చితంగా బయల్దేరిన చోటికే తిరిగి రావాలి.

మొదటి అడ్డు ఎడమవైపు. అందరూ ఎడమకి తిరిగారు. నేను కుడికి తిరిగాను. ఎదురుగా ఆరేళ్లవాడు, అంటే నా కనపడని శత్రువు ఉండాల్సిన చోట కనపడే శత్రువు. ఇద్దరం పిడికిళ్లతో ఒకరినొకరు చూసుకున్నాం. వాడికి ఏం చేయాలో తోచక, చేతులు కిందికి దించి, నడుము వంచి, "ఊస్ ఆంటీ" అన్నాడు. నేనూ వంగాను. కిరాతార్జునీయం అలా సంధిలో ముగిసింది. అక్కణ్నుంచి లెక్క నా చేతిలో లేదు. తొమ్మిదో కదలికకి అందరూ అరిచారు, నేను పదకొండో దానికి అరిచాను. చివరి నాలుగింటిలో చేతులు కత్తుల్లా విప్పి, బరువు ఎక్కువగా వెనక కాలి మీద వేసి కూర్చోవాలి. కూర్చున్నాక చూసుకుంటే అందరూ బయల్దేరిన చోట ఉన్నారు. నేను కుళాయి దగ్గర ఉన్నాను. జలక్రీడా వర్ణన అక్కడే అయిపోయింది, కుళాయి కారుతోంది, అడుగు జారింది.

మర్నాడు పొద్దున మెట్లు దిగడం గురించి రాయను. మూడు అంతస్తులు, అరవై మెట్లు, కొన్నింటిని వెనక్కి తిరిగి దిగానని మాత్రం చెప్పి ఊరుకుంటాను. పాలప్యాకెట్టు తెచ్చేసరికి మా ఆయన కాఫీ మానేసి స్నానం కూడా ముగించారు.

నల్లబెల్టు కథ ఒకటి పిల్లలు చెప్పుకుంటారు. పూర్వం బెల్టు ఉతికేవారు కాదట, ఏళ్ల తరబడి చెమటా మట్టీ పట్టి తెల్లది అలా నల్లబడేదట. కథ బాగుంది గానీ నిజం కాదు. నల్లబెల్టు జూడోకి ఆద్యుడైన కనో జిగోరో గారి ఏర్పాటు. ఆ పద్ధతినే తీసుకుని ఫునాకోషి గారు 1924లో మొదటిసారి తన శిష్యులకు పట్టాలిచ్చారు. అయినా నాకు ఆ మురికి కథే నచ్చింది. అందుకని నేనూ బెల్టు ఉతకలేదు. మూడోవారం క్లాసు నుంచి వచ్చి, బట్టలు మార్చుకునే ఓపిక లేక, అలాగే పొయ్యి దగ్గర నిలబడి పులిహోర పోపు కలిపాను. బెల్టు కొస ఒకటి, మనసుదో ఒంటిదో తెలియదు, గిన్నెలో పడింది.

తర్వాతి క్లాసులో వరస తనిఖీ చేస్తూ మాస్టారు నా ముందు ఆగారు. బెల్టు కొసని రెండు వేళ్లతో ఎత్తి, వాసన చూశారు.

"మేడమ్, పసుపు బెల్టు పరీక్ష రెండు నెలల తర్వాత."

"ఊస్" అన్నాను.

నారింజ బెల్టు వరుసలోంచి కిసుక్కున నవ్వు వినబడింది. వెంటనే ఇరవై దండీలు పడ్డాయి, ఆమెకీ నాకూ.

ఇది కృష్ణాతీర మశకసహస్ర దష్టపాదపల్లవయు, కిబాదాచీ ప్రకంపిత జానుయుగళయు, నారింజపట్టధారిణీ శిక్షిత గ్రంథిబంధనయు, హరిద్రాబిందులాంఛిత శ్వేతపట్టయు నగు నాచేత విరచింపఁబడిన శ్వేత పట్టాభిషేకంబను వచనకావ్యంబునందుఁ బ్రథమాశ్వాసము. ద్వితీయాశ్వాసం గురువారం సాయంత్రం ఆరింటికి. వాటర్ బాటిల్ మర్చిపోకూడదు.